బ్రిటన్‌లో రేడియోగ్రాఫర్ల బాధ్యతల విస్తరణ

ఎక్స్‌రే తీసే రేడియోగ్రాఫర్లే దాన్ని చదివి రిపోర్టు కూడా ఇచ్చే ఏర్పాటు బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో 1990ల నుంచి బలపడింది. దీనిపై సిబ్బంది అభిప్రాయాలు నేటికీ ఒక్కటిగా లేవు.

తొలినాళ్లలో రేడియోగ్రాఫర్లు ఫిల్మ్ చూసి అందులో ఏముందో చెప్పేవారు. వారి వృత్తి సంఘం 1920లో ఏర్పడింది. ఆ తర్వాత కొన్నేళ్లకే, రోగనిర్ధారణ తమ పని అని డాక్టర్లు పట్టుబట్టడంతో రేడియోగ్రాఫర్లు నోరు కట్టుకోవాల్సి వచ్చింది.

ఆ కట్టు సడలింది ఓ ఎర్రచుక్కతో. రాత్రివేళ అత్యవసర విభాగంలో ఫిల్మ్ చూసేది అప్పట్లో ఎక్కువగా జూనియర్ డాక్టరే; మణికట్టులో సన్నని పగులు ఆ కంటికి అందకపోవచ్చు. రోజూ ఎన్నో ఫిల్ములు చూసే రేడియోగ్రాఫర్‌కు అది కనబడుతుంది. అనుమానం వస్తే ఫిల్మ్ మీద ఎర్రచుక్క అంటించే ఈ పద్ధతిని వివరించే వ్యాసాన్ని 1985లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించింది. అయితే ఏదో తేడా ఉందని చెప్పడమే తప్ప, తేడా ఎక్కడుందో ఆ చుక్క చెప్పలేదు. అందుకే తర్వాత కొన్నిచోట్ల రాతపూర్వక వ్యాఖ్య వచ్చింది. పోస్ట్‌గ్రాడ్యుయేట్ శిక్షణ పొందినవారు పూర్తి రిపోర్టులే రాయసాగారు.

రిపోర్టుల కుప్ప తగ్గుతుందని ఫిల్ములు చదివే నిపుణ డాక్టర్లైన రేడియాలజిస్టుల్లో కొందరు స్వాగతించారు. మామూలు ఫిల్ములన్నీ చేయి దాటిపోతే జూనియర్లు దేనిమీద నేర్చుకుంటారని, పొరపాటు జరిగితే బాధ్యత ఎవరిదని మరికొందరు అడిగారు. ఇది స్వార్థమని కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు. రేడియోగ్రాఫర్లలో గర్వం ఉంది, దాంతోపాటు అసంతృప్తీ ఉంది: బాధ్యత పెరిగినంతగా జీతం, రిపోర్టుకు కేటాయించిన సమయం పెరగలేదన్నది వారి మాట.

2003 నాటి ఆరోగ్యశాఖ పత్రం రేడియోగ్రఫీ సిబ్బందిలో అసిస్టెంట్ ప్రాక్టీషనర్ నుంచి కన్సల్టెంట్ దాకా నాలుగు అంచెలను వివరించింది. రొమ్ము క్యాన్సర్ స్క్రీనింగ్‌లో అసిస్టెంట్లు మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీయడం మొదలయ్యాక, అంతకుముందు రేడియాలజిస్టులకు కలిగిన భయమే తమ పని విషయంలో రేడియోగ్రాఫర్లకూ కలిగింది. తక్కువ జీతానికే తమతో పని చేయించుకుంటారేమోనన్న అనుమానం అసిస్టెంట్లది. ఎవరిని పర్యవేక్షించేదెవరో స్పష్టంగా రాసిపెట్టుకున్న విభాగాల్లోనే ఈ భయాలు తగ్గే అవకాశం ఎక్కువ.

భారత్‌లో పరిస్థితి వేరు. బ్రిటన్‌లో గర్భిణులకు అల్ట్రాసౌండ్ స్కాన్ చేసేది చాలావరకు డాక్టర్లు కాని సోనోగ్రాఫర్లే. ఇక్కడ మాత్రం లింగనిర్ధారణను అరికట్టే 1994 చట్టం వల్ల తెలుగు రాష్ట్రాలతో సహా దేశమంతటా ఆ పని అర్హత గల డాక్టర్లకే పరిమితం. ఇమేజింగ్ టెక్నాలజిస్టులకు జాతీయ స్థాయి గుర్తింపు 2021లో చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టంతోనే వచ్చింది.