డిచ్‌పల్లి దారిలో



నిజామాబాదు నుండి హైదరాబాదు వెళ్ళే దారిలో డిచ్‌పల్లి ఉన్నది. 1915లో ఇసబెల్, జార్జ్ కెర్ దంపతులు అక్కడ కుష్ఠురోగులకు ఆసుపత్రి నెలకొల్పారు. అందుకు రాజా నర్సాగౌడ్ విరాళమిచ్చారు. ఊరు వెలివేసినవారికి నాడు దొరికినది ఆశ్రయం. అది దాతల దయ.

1995 చట్టం కుష్ఠు నయమైనవారినీ వికలాంగులుగా గుర్తించి, ప్రభుత్వ, ఎయిడెడ్ విద్యాసంస్థలలో వికలాంగులకు 3 శాతం సీట్లు కేటాయించింది. అయితే సీటు దొరికినంత మాత్రాన చదువు సాగదు. బోధన్ చక్కెర కార్మికుని కుమారుడొకడు, చూపు లేనివాడు, నావద్ద ఛందస్సును చెవితోనే నేర్చాడు. డిగ్రీ పరీక్షలో అతనికి వ్రాసిపెట్టినవానికి గురులఘువులు తెలియవు. ఒక్కొక్క గుర్తూ చెప్పి వ్రాయించేసరికి సమయం ముగిసింది. వచ్చిన పద్యానికే మార్కులు పోయాయి.

స్క్రైబ్ సాయంతో వ్రాసేవారికి గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని 2013లో కేంద్రం మార్గదర్శకాలు వెలువరించింది. మూడు గంటల పరీక్షకు ఒక గంట. నోటిమాట మరొకరి చేతిలో అక్షరం కావడానికి పట్టే కాలమది. 2016 చట్టం ఉన్నత విద్యలో సీట్లను 5 శాతానికి పెంచింది.

2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయం ఆవరణ అదే డిచ్‌పల్లిలో ఉన్నది. ఒకనాడు ఆశ్రయం కోరి వచ్చిన ఊరికి, నేడు హక్కుగా సీటు అడుగుతూ రావచ్చు. నా శిష్యునికి మాత్రం ఆ గంట ఆలస్యంగా వచ్చింది.