తండా నడిచిన కాలం

పెద్దవంగర 2016లో కొడకండ్ల నుంచి విడిపోయి మండలమైంది. మహబూబాబాద్ జిల్లాలో చేరింది. ఆ వైపు ఏ దారి పట్టుకుని పోయినా ఏదో ఒక తండా తగులుతుంది. ఇవాళ తండా అంటే లంబాడాల ఊరు. నాలుగు వందల ఏళ్ల కింద మాత్రం తండా అంటే సరుకు మోస్తూ నడిచే ఎడ్ల బారు, బిడారు. కదిలేదాని పేరు కదలని ఊరికి ఎట్లా వచ్చింది?

ఈ ప్రశ్న నాకు చరిత్ర పుస్తకం చదువుతుంటే రాలేదు, అంతరిక్షపు ఆటలు ఆడుతుంటే వచ్చింది. 1984లో వచ్చిన 'ఎలీట్' చేతికి వంద క్రెడిట్లు, ఒక చిన్న నౌక ఇచ్చి వదిలేస్తుంది. పంటలు పండే గ్రహంలో తిండి చవగ్గా కొని, ఫ్యాక్టరీల గ్రహంలో అమ్ముకోవాలి. 2003 నాటి 'ఈవ్ ఆన్‌లైన్'లో ఇంకో రకం బతుకుంది. అక్కడ సరుకు మీది కాదు, మోత మాత్రమే మీది. సరుకు అప్పజెప్పేవాడు కూలీతో పాటు జామీను కూడా పెడతాడు. దారిలో నౌక పేలిపోతే ఆ జామీను అతని జేబులోకి పోతుంది. పెద్ద సరుకు నౌకలకు తుపాకులుండవు. 2012లో ఆటగాళ్ల ముఠా ఒకటి జీటా అనే పెద్ద బజారు చుట్టూ కాపు కాసి ఇలాంటి నౌకల్ని వరసగా పేల్చేసింది. యుద్ధం చేసేవాళ్ల కథలు అందరూ చెప్పుకుంటారు. ఆ యుద్ధానికి కావలసిన సరుకు చేరేసినవాడి పేరు ఎవరికీ గుర్తుండదు.

బంజారాలు ఈ రెండు పనులూ చేశారు. సొంత డబ్బుతో కొని అమ్మారు, పరుల సరుకూ మోశారు. 1632లో ఆగ్రా నుంచి పట్నా వెళ్తున్న ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి పీటర్ మండీకి దారిలో ఒక తండా ఎదురైంది. అందులో ధాన్యం మోస్తున్న ఎడ్లు 14,000. రోజుకు ఆరేడు మైళ్లకు మించి నడవవు. భార్యాపిల్లలు, వంటసామాను అన్నీ వెంటే, ఇల్లే ప్రయాణంలో ఉంది. టావెర్నియే ఇంకో విశేషం రాశాడు: వీళ్లలో నాలుగు తెగలున్నాయనీ, ఒకరు గోధుమ వంటి ధాన్యం, ఒకరు బియ్యం, ఒకరు పప్పులు, ఒకరు ఉప్పు మాత్రమే మోస్తారనీ. లంబాడీ అనే పేరు లవణం నుంచే వచ్చిందనే మాట కూడా ఉంది.

అంత నెమ్మదిగా నడిచి లాభం ఎట్లా? కిటుకంతా గడ్డిలో ఉంది. ఎద్దు దారిపొడవునా మేసుకుంటూ పోతుంది, అంటే ఇంధనం ఉచితం. బండికి బాట కావాలి. వీపున కంట్లం వేసుకున్న ఎద్దుకు అడవిలో కాలిదారి చాలు. పెరిక అన్నా ఈ మూటే, ఆ మాట మనకు కులం పేరుగా కూడా మిగిలింది. కోస్తా ఉప్పు తెలంగాణ లోపలి ఊళ్లకు ఎక్కువగా చేరింది ఇట్లా ఎడ్ల వీపుల మీదే.

సరుకు దారికి భద్రత ఎవరు ఇస్తారన్నది పాత తగవు. ఓరుగల్లు గణపతిదేవుడు మోటుపల్లిలో 1244 ప్రాంతంలో వేయించిన అభయశాసనం దీనికి ఒక జవాబు. తుఫానుకు ఒడ్డున పడ్డ ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవాళ్లు, తాను మాత్రం నిర్ణయించిన సుంకమే తీసుకుంటానని మాట ఇచ్చాడు. బంజారాలకు అలాంటి రాజు అక్కర్లేకపోయింది. సైన్యాలకు వాళ్ల అవసరమే వాళ్లకు రక్ష. దక్కన్ దండయాత్రలో ఆసఫ్ ఖాన్ వాళ్లకు రాగిరేకు మీద హక్కులు రాసిచ్చాడని ఒక కథ ఉంది: కుండల్లో నీళ్లు, ఇళ్ల కప్పుల గడ్డి, రోజుకు మూడు హత్యలు మాఫీ. నాకది నమ్మబుద్ధి కాదు గానీ, అలాంటి కథ పుట్టిందంటే వాళ్ల మీద సైన్యం ఎంత ఆధారపడిందో తెలుస్తుంది. 1791 మేలో ఎడ్లు చచ్చిపోయి, తిండి లేక, కారన్‌వాలిస్ శ్రీరంగపట్నం ముందు తన పెద్ద ఫిరంగుల్ని తానే పాడుచేసుకుని వెనక్కి తిరిగాడు. మరుసటి ఏడు మళ్లీ వచ్చినప్పుడు అతని సైన్యానికి ధాన్యం అందించినవాళ్లలో బంజారాలు ముఖ్యులు.

వాడి-సికింద్రాబాద్ రైలు 1874లో వచ్చింది. 1889కల్లా దారి వరంగల్ మీదుగా బెజవాడ చేరింది. ఉప్పు రైలెక్కింది. అడవులు సర్కారు రిజర్వులయ్యాక ఉచితపు మేత కూడా పోయింది. సరుకు పోయినా మనుషులు దారిలోనే ఉన్నారు. సరుకు లేకుండా తిరిగేవాడు సర్కారు కంటికి దొంగ. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికి వచ్చింది, అక్కడ సుగాలీల పేర్లూ జాబితాకెక్కాయి. నిన్నటిదాకా సైన్యానికి తిండి పెట్టినవాళ్లు ఠాణాలో హాజరు వేయించుకోవాల్సి వచ్చింది. ఆటలో నౌక పేలితే నష్టం ఒక్క ప్రయాణం. ఇక్కడ పేలింది వృత్తి మొత్తం, జామీను పెట్టినవాడు ఎవడూ లేడు.

తిరగడం ఆగాక ఎక్కడ ఆగితే అక్కడే తండా. అడవి అంచున, చెరువు నీళ్లు అందని చెలకల్లో, దొరల భూముల పక్కన. తెలంగాణ లంబాడాలకు షెడ్యూల్డ్ తెగల గుర్తింపు 1977లో గానీ రాలేదు. ఆంధ్రలో సుగాలీలకు అది అంతకుముందే ఉంది. 2018లో తండాలు చాలావరకు సొంత గ్రామపంచాయతీలయ్యాయి. ఇప్పుడు వాటికి సర్పంచులున్నారు, బోర్డులున్నాయి. పెద్ద మనిషిని మాత్రం ఇంకా నాయక్ అనే అంటారు. ఒకప్పుడు ఆ నాయక్ బిడారుకు ముందు నడిచేవాడు, ఈ పూట ఎక్కడ దిగాలో, ఏ ఊళ్లో ఏ ధరకు అమ్మాలో చెప్పేవాడు.