రూహ్ అఫ్జా వెనుక ఒక అమ్మీ

ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద రూహ్ అఫ్జా గ్లాసు చూసినప్పుడల్లా నాకు ఢిల్లీ రబియా బేగం గుర్తొస్తారు. ఆమె షౌహర్ హకీం హాఫిజ్ అబ్దుల్ మజీద్ సాహెబ్ 1906లో పాత ఢిల్లీలో హమ్‌దర్ద్ అనే చిన్న దవాఖానా పెట్టారు. మరుసటి ఏడే ఎండవేడికి ఉపశమనంగా ఈ షర్బత్ తయారుచేశారు. 1922లో ఆయన ఇంతెఖాల్ అయ్యారు. పెద్దకొడుకు అబ్దుల్ హమీద్‌కు అప్పటికి 14 ఏళ్లే! దుకాణం అమ్మేసుకున్నా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. బేగం సాహెబా నాఉమ్మీద్ కాలేదు. కారోబార్ నిలబెట్టారు. తిబ్ చదివి హకీం అయిన ఆ కొడుకే 1948లో హమ్‌దర్ద్‌ను వక్ఫ్ చేశారు. ఆమ్దనీ ఇంటికి కాక ఇల్మ్‌కు మళ్లింది (మన బేపారీలు ఈ మాట కాస్త వినాలి). 1989లో డీమ్డ్ యూనివర్సిటీ అయిన జామియా హమ్‌దర్ద్ మొదలైంది ఆ దవాఖానా గల్లాపెట్టె నుంచే.