విశ్రాంత ఉపాధ్యాయుల సంఘటిత శక్తి: ఎథెల్ పెర్సీ ఆండ్రస్ నాయకత్వం (1947–1967) - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

అమెరికాలో 1947లో ఏర్పడిన జాతీయ విశ్రాంత ఉపాధ్యాయుల సంఘం (ఎన్.ఆర్.టి.ఎ.) వృద్ధాప్య సంక్షేమ చరిత్రలో ఒక మలుపు. దాని స్థాపకురాలు ఎథెల్ పెర్సీ ఆండ్రస్ రెండు దశాబ్దాల పాటు ఆ సంఘానికి సారథ్యం వహించారు. ఆ సంఘం చేపట్టిన కార్యక్రమాలను, ఆమె నాయకత్వపు బలాన్ని, పరిమితిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. భారతదేశంలోని పింఛనుదారుల హక్కుల చరిత్రతో క్లుప్తంగా పోల్చి చూస్తుంది.

కీలకపదాలు: విశ్రాంత ఉపాధ్యాయులు, పింఛను, సామూహిక ఆరోగ్యబీమా, ఎథెల్ పెర్సీ ఆండ్రస్, నకారా తీర్పు.

1. ఉపోద్ఘాతం:

ఉద్యోగంలో ఉన్న ఉపాధ్యాయుడికి బడి ఉంటుంది, సహోద్యోగులు ఉంటారు, అవసరమైతే సమ్మె చేసే అవకాశమూ ఉంటుంది. పదవీవిరమణతో ఈ మూడూ ఒకేసారి దూరమవుతాయి. పని ఆపి ఒత్తిడి తేగల శక్తి లేనివారు తమ డిమాండ్లను ఎలా సాధించుకోగలరు? ఉపాధ్యాయ ఉద్యమాల చరిత్రలో ఉద్యోగస్థుల పోరాటాలకు దక్కినంత చోటు ఈ ప్రశ్నకు దక్కలేదు. దీనికి సమాధానం వెతకడానికి ఎన్.ఆర్.టి.ఎ. చరిత్ర అనువైన ఆధారం.

2. ఆండ్రస్ - బోధన నుంచి సంక్షేమం దాకా:

ఆండ్రస్ 1884లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జన్మించారు. షికాగో విశ్వవిద్యాలయంలో చదివారు. అక్కడ ఉన్న కాలంలోనే జేన్ ఆడమ్స్ నడిపిన హల్ హౌస్‌లో స్వచ్ఛందంగా పనిచేశారు. తర్వాత కాలిఫోర్నియాకు తిరిగివచ్చి లాస్ ఏంజిలస్‌లోని లింకన్ ఉన్నత పాఠశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ రాష్ట్రంలో ఉన్నత పాఠశాలకు ప్రిన్సిపాల్ అయిన తొలి మహిళగా ఆమెను పేర్కొంటారు. భిన్న దేశాల నుంచి వలస వచ్చిన కుటుంబాల పిల్లలు చదివే ఆ బడిని దాదాపు మూడు దశాబ్దాలు నడిపారు. ఆ బాధ్యతల మధ్యనే 1930లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందారు. తల్లి అనారోగ్యం కారణంగా 1944లో విరమణ తీసుకున్నారు.

విరమణానంతరం కాలిఫోర్నియా విశ్రాంత ఉపాధ్యాయుల సంఘంలో సంక్షేమ బాధ్యతలు స్వీకరించారు. ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు కోళ్ల గూడులో తలదాచుకుంటూ ఉండగా ఆండ్రస్ చూశారన్న వృత్తాంతం సంఘ చరిత్రలో తరచుగా కనిపిస్తుంది. సంస్థల స్థాపన వృత్తాంతాలు కాలక్రమంలో మెరుగులు దిద్దుకోవడం సహజం కనుక ఈ ఒక్క ఘటననే సంఘస్థాపనకు కారణంగా చూపడం సరికాదు. అయితే ఆ వృత్తాంతం సూచించే దుస్థితి మాత్రం వాస్తవం.

3. సంఘస్థాపనకు నేపథ్యం:

1935 నాటి సామాజిక భద్రతా చట్టం రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాల ఉద్యోగులను తన పరిధిలో చేర్చలేదు. ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయులు ఈ కోవలోకే వస్తారు. వారు తమ తమ రాష్ట్రాల పింఛను పథకాల మీదే ఆధారపడవలసి వచ్చింది. ఆ పథకాలు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరుగా ఉండేవి. దీనికి తోడు యుద్ధానంతర ధరల పెరుగుదల స్థిరమైన పింఛను విలువను హరించింది. పింఛను రాష్ట్రాల విషయమైనా పన్ను, బీమా వంటి సమస్యలు ఒక రాష్ట్ర సంఘంతో తీరేవి కావు. 1947లో జాతీయస్థాయి సంఘం ఏర్పడడానికి మూలకారణం ఇదే.

4. సంఘం చేపట్టిన కార్యక్రమాలు:

4.1. పన్ను సమానత్వం: సామాజిక భద్రత కింద వచ్చే మొత్తంపై అప్పట్లో ఆదాయపు పన్ను ఉండేది కాదు. ఉపాధ్యాయుల పింఛనుపై మాత్రం ఉండేది. ఈ వివక్షను సంఘం ప్రశ్నించింది. 1954 ఆదాయపు పన్ను చట్టం విరమణ ఆదాయానికి పన్ను రాయితీ కల్పించి ఈ అంతరాన్ని కొంత తగ్గించింది.

4.2. నివాసం: 1954లో కాలిఫోర్నియాలోని ఓజైలో 'గ్రే గేబుల్స్' పేరుతో విశ్రాంత ఉపాధ్యాయుల నివాసం ప్రారంభమైంది. ఆండ్రస్ దీనిని అనాథాశ్రమంగా కాక, చురుకైన జీవితం సాగించే చోటుగా తీర్చిదిద్దారు.

4.3. ఆరోగ్యబీమా: సంఘం సాధించిన వాటిలో ఇది ప్రధానమైనది. 1965లో మెడికేర్ చట్టం రాకముందు వృద్ధులకు వ్యక్తిగత బీమా దొరకడం కష్టం. వయసు మళ్లినవారిలో రోగులే బీమాకు ముందుకు వస్తారని, అందువల్ల నష్టం తప్పదని కంపెనీలు భావించేవి. ఉద్యోగస్థులకు యజమాని ద్వారా సామూహిక బీమా లభించేది. విశ్రాంతులకు యజమాని లేడు. ఆండ్రస్ ఆ ఖాళీలో సంఘాన్ని నిలిపారు. ఆరోగ్యవంతులూ అనారోగ్యులూ కలిసి పెద్ద సంఖ్యలో చేరితే నష్టభయం అందరి మధ్యా పంపిణీ అవుతుందన్నది ఆమె వాదన. ఎన్నో కంపెనీలు తిరస్కరించాక, న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన బీమా ప్రతినిధి లెనార్డ్ డేవిస్ చొరవతో కాంటినెంటల్ క్యాజువల్టీ కంపెనీ అంగీకరించింది. న్యూయార్క్ విశ్రాంత ఉపాధ్యాయులతో మొదలైన ప్రయోగం 1956లో జాతీయస్థాయికి విస్తరించింది.

4.4. ఔషధాలు: 1959లో తపాలా ద్వారా తక్కువ ధరకు మందులు అందించే సేవ మొదలైంది. సభ్యులు దేశమంతటా చెదిరి ఉన్న సంఘానికి తపాలాయే సరైన సాధనం. సంఘపత్రిక కూడా ఆ మార్గంలోనే సభ్యులను కలిపి ఉంచింది.

5. విస్తరణ:

బీమా సౌకర్యం తమకూ కావాలని ఇతర వృత్తులవారు కోరడంతో 1958లో ఆండ్రస్ ఎ.ఎ.ఆర్.పి.ని స్థాపించారు. 1967లో మరణించేవరకూ రెండు సంస్థలకూ ఆమే అధ్యక్షురాలు. 1982లో ఉపాధ్యాయుల సంఘం ఎ.ఎ.ఆర్.పి.లో ఒక విభాగంగా విలీనమైంది. ఉపాధ్యాయులు మొదలుపెట్టిన సంస్థ నుంచి పుట్టినదే అనంతరం దాన్ని తనలో కలుపుకొన్నది.

6. నాయకత్వం - విమర్శనాత్మక అంచనా:

సేవ అందుకోవడం కన్నా సేవ చేయడమే మిన్న అన్నది ఆండ్రస్ నమ్మిన సూత్రం. వృద్ధులను జాలికి పాత్రులుగా కాక అనుభవజ్ఞులైన పౌరులుగా నిలపడం ఆమె నాయకత్వంలోని విశిష్టత. 1963లో స్థాపించిన జీవితకాల అభ్యసన సంస్థ ఈ దృక్పథానికి ఫలితమే.

అయితే సంఘాన్ని బలపరిచిన బీమాయే దాని బలహీనతకూ దారితీసింది. డేవిస్ 1963లో కలోనియల్ పెన్ సంస్థను నెలకొల్పగా, సభ్యుల బీమా వ్యాపారం దాని చేతిలోకి వెళ్లింది. సంఘం సభ్యుల పక్షాన ఉందా, కంపెనీ పక్షాన ఉందా అన్న అనుమానం తలెత్తింది. మెడికేర్ కోసం జరిగిన పోరాటంలో ముందువరుసలో నిలిచింది కార్మిక సంఘాల అండ గల నేషనల్ కౌన్సిల్ ఆఫ్ సీనియర్ సిటిజన్స్ కావడం ఇక్కడ గమనార్హం. 1978లో '60 మినిట్స్' టెలివిజన్ కార్యక్రమం ఈ సంబంధాన్ని బహిరంగంగా ప్రశ్నించింది. తర్వాత పోటీ పద్ధతిలో బీమా ఒప్పందం ప్రుడెన్షియల్‌కు దక్కింది. ఈ దిద్దుబాటు ఆండ్రస్ మరణానంతరం జరిగింది. ఒకే వ్యక్తి చేతిలో దీర్ఘకాలం నడిచిన సంఘంలో వ్యాపార భాగస్వామిని ప్రశ్నించే అంతర్గత యంత్రాంగం తగినంతగా పెరగలేదని దీన్నిబట్టి భావించవచ్చు.

7. భారతీయ సందర్భం:

మన దేశంలో ఈ చరిత్ర మార్కెట్ ద్వారా కాక న్యాయస్థానం ద్వారా నడిచింది. 1979 మార్చి 31 తర్వాత విరమించినవారికే మెరుగైన పింఛను సూత్రం వర్తిస్తుందన్న కేంద్ర ప్రభుత్వ నిబంధనను డి.ఎస్. నకారా తదితరులు సవాలు చేశారు. 'కామన్ కాజ్' సంస్థ కూడా ఇందులో పిటిషనరు. 1982 డిసెంబరు 17న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఆ విభజన 14వ అధికరణానికి విరుద్ధమని తీర్పునిచ్చింది. తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి ఆ ధర్మాసనంలో సభ్యులు. పింఛను దయాభిక్ష కాదు, హక్కు అన్న భావన ఈ తీర్పుతో బలపడింది. విడిగా కోర్టుకెక్కలేని వృద్ధుల పక్షాన ఒక సంస్థ నిలవవచ్చన్న అంశమూ స్థిరపడింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1 నుంచి చేరిన ఉపాధ్యాయులు కాంట్రిబ్యూటరీ పింఛను పథకం కిందికి వచ్చారు. దీంతో ఒకే బడిలో, ఒకే పని చేసే ఇద్దరికి రెండు రకాల వృద్ధాప్యం ఏర్పడింది. నకారా కేసులో విభజనరేఖ విరమణ తేదీ అయితే, ఇక్కడ అది నియామక తేదీ. పాత పింఛను పొందుతున్న విశ్రాంతులు ఈ తరం పక్షాన ఎంతవరకు నిలుస్తారన్నది ఉభయ తెలుగు రాష్ట్రాల సంఘాల ముందున్న నైతిక పరీక్ష.

8. ముగింపు:

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

1. సమ్మెశక్తి లేని విశ్రాంతులకు సభ్యత్వ సంఖ్యే బేరసారాల బలం అయింది. ఆరోగ్యబీమా దీనికి నిదర్శనం.

2. ఆండ్రస్ నాయకత్వం సంక్షేమాన్ని గౌరవంతో ముడిపెట్టింది. నివాసం, బీమా, అభ్యసనం ఒకే దృక్పథంలో భాగాలు.

3. సేవలు అందించే సంఘం ఆ సేవల వ్యాపారికి లోబడే ప్రమాదం ఉంది. పారదర్శకమైన ఒప్పందాలు, నాయకత్వ మార్పిడి ఇందుకు రక్షణలు.

4. తమ వృత్తివారి కోసం ఏర్పాటు చేసుకున్న సౌకర్యాన్ని ఇతరులకూ తెరవడమే ఆ సంఘాన్ని చరిత్రలో నిలిపింది. మన సంఘాలు తమ తర్వాతి తరానికి ఆ తలుపు తెరవవలసి ఉంది.