రెండు గంటల్లో క్షయ నిర్ధారణ: కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలకు చేరువైన జన్యు పరీక్షలు

క్షయ వ్యాధికి మందులున్నాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో అవి ఉచితంగా లభిస్తున్నాయి. అయినా వ్యాధి వ్యాప్తి ఆగకపోవడానికి గల ప్రధాన కారణాల్లో నిర్ధారణలో జరిగే జాప్యం ఒకటి. తెమడ ఇచ్చి ఫలితం కోసం రోజుల తరబడి ఎదురుచూసి, కూలి పోతుందన్న బెంగతో తిరిగి రాని రోగి తనకు తెలియకుండానే ఇంటిల్లిపాదికీ వ్యాధిని అంటించే ప్రమాదముంది. ఈ జాప్యాన్ని గంటలకు తగ్గించినవే సీబీ నాట్, ట్రూనాట్ అనే స్వయంచాలిత జన్యు పరీక్షా యంత్రాలు.

పాత పద్ధతి - పరిమితులు

క్షయ కారక క్రిమిని కనుగొన్నట్లు జర్మనీ శాస్త్రవేత్త రాబర్ట్ కోచ్ 1882 మార్చి 24న ప్రకటించారు. ఆ తరువాత నూరేళ్లకు పైగా గాజు పలకపై తెమడను పరచి, రంగు వేసి, మైక్రోస్కోపులో చూడడమే ప్రధాన పరీక్షగా కొనసాగింది. ఖర్చు తక్కువే అయినా, మిల్లీలీటరు తెమడలో సుమారు 5 వేల నుండి 10 వేల క్రిములు ఉంటేనే ఈ పద్ధతిలో కనిపిస్తాయి. పిల్లల్లోను, హెచ్.ఐ.వి. సోకినవారిలోను క్రిములు తక్కువగా ఉండడం వల్ల వ్యాధి ఉన్నా లేనట్లు తేలే అవకాశముంది. క్రిమి మందులకు లొంగుతుందో లేదో తెలుసుకోవడానికి దానిని ప్రయోగశాలలో పెంచి చూడవలసి ఉంటుంది. ఈ క్రిమి నెమ్మదిగా పెరుగుతుంది కనుక అందుకు వారాలు, ఒక్కోసారి నెలలు పట్టేది.

యంత్రం పనిచేసే తీరు

సీబీ నాట్ పరీక్షలో తెమడను రసాయనంతో కలిపి ఒక చిన్న కాట్రిడ్జిలో పోసి యంత్రంలో అమరుస్తారు. ఆపై పని యావత్తూ యంత్రమే చూసుకుంటుంది. క్రిములను పగులగొట్టి, వాటి జన్యు పదార్థాన్ని వెలికితీసి, పి.సి.ఆర్. విధానంలో కోట్ల రెట్లు పెంచి గుర్తిస్తుంది. క్షయ ఉన్నదీ లేనిదీ, చికిత్సకు కీలకమైన రిఫాంపిసిన్ మందుకు క్రిమి లొంగుతుందో లేదో కూడా సుమారు రెండు గంటల్లో తెలుస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పరీక్షను 2010 డిసెంబరులో సిఫారసు చేసింది. 2016 మార్చిలో కేంద్ర ప్రభుత్వం దేశవ్యాప్తంగా 500కు పైగా సీబీ నాట్ యంత్రాలను ప్రవేశపెట్టడంతో జిల్లా స్థాయిలో ఈ సేవలు విస్తరించాయి. గోవాకు చెందిన మోల్బయో సంస్థ రూపొందించిన ట్రూనాట్‌కు 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం లభించింది. ఇది బ్యాటరీపై పనిచేస్తుంది కనుక ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు సైతం అనువైనది.

ఉత్తర తెలంగాణకు ప్రాధాన్యం

ఆదిలాబాద్ నుండి హైదరాబాద్‌కు సుమారు 300 కిలోమీటర్ల దూరం. ఉట్నూరు, ఇంద్రవెల్లి, జైనూరు, తిర్యాణి మండలాల్లోని గోండు, కొలాం గూడేల నుండి జిల్లా కేంద్రానికి చేరడమే ఒక ప్రయాస. వర్షాకాలంలో వాగులు పొంగితే రాకపోకలు నిలిచిపోతాయి. మరోవైపు కరీంనగర్ పరిసరాల్లో గ్రానైట్ క్వారీలు విస్తారంగా ఉన్నాయి. రాతి ధూళిలోని సిలికా ఊపిరితిత్తులను దెబ్బతీసి క్షయ ముప్పును పెంచుతుందన్నది వైద్యశాస్త్రం నిర్ధారించిన విషయం. ఇట్టి ప్రాంతాల్లో పరీక్ష ఎంత దగ్గరగా ఉంటే అంత మేలు.

దగ్గరలో పరీక్ష ఉండవలసిన అవసరాన్ని కోవిడ్ కూడా చాటింది. 2020 మార్చిలో కరీంనగర్‌లో కేసులు బయటపడినప్పుడు నమూనాలను హైదరాబాద్‌కు పంపవలసి వచ్చింది. ఆ తరువాత ట్రూనాట్, సీబీ నాట్ యంత్రాలనే వేరే చిప్‌లు, కాట్రిడ్జిలతో కోవిడ్ పరీక్షలకూ వినియోగించడం జరిగింది.

యంత్రం ఒక్కటే చాలదు

ఈ పరీక్ష చనిపోయిన క్రిముల జన్యు పదార్థాన్ని కూడా పట్టుకుంటుంది. అందువల్ల చికిత్స పురోగతిని తెలుసుకోవడానికి మైక్రోస్కోపు, కల్చర్ పరీక్షలు నేటికీ అవసరమే. సీబీ నాట్‌కు నిరంతర విద్యుత్తు, చల్లని గది ఉండాలి. కాట్రిడ్జిలు నిండుకుంటే యంత్రం అలంకారమే. అన్నిటికన్నా ముఖ్యంగా, రెండు గంటల్లో వచ్చిన ఫలితం అదే వేగంతో రోగికి చేరి, మందులు మొదలైనప్పుడే ప్రయోజనం. గూడెం నుండి తెమడ డబ్బాను ప్రయోగశాలకు చేర్చే ఏర్పాటు, ఫలితాన్ని తిరిగి గడపకు చేర్చే ఆశా కార్యకర్త ఈ గొలుసులో యంత్రమంతటి ముఖ్యులు.

ప్రజలకు సూచనలు

రెండు వారాలకు మించిన దగ్గు, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, తెమడలో రక్తం వంటి లక్షణాలు ఉన్నవారు వెంటనే సమీప ఆరోగ్య కేంద్రాన్ని సంప్రదించాలి. ఉదయం నోరు పుక్కిలించి, ఆరుబయట నిలబడి, గట్టిగా దగ్గి లోపలి నుండి వచ్చిన తెమడనే డబ్బాలో ఇవ్వాలి. ఉమ్మి పరీక్షకు పనికిరాదు. క్షయ లేదని తేలినా లక్షణాలు తగ్గకపోతే మళ్లీ వైద్యుని కలవాలి. చికిత్స కాలంలో పోషకాహారం నిమిత్తం 2018 ఏప్రిల్ నుండి నెలకు రూ.500 చొప్పున అందించిన ఆర్థిక సహాయాన్ని 2024 నవంబరు నుండి రూ.1,000కి పెంచడం జరిగింది. వివరాలకు టోల్ ఫ్రీ నంబరు 1800-11-6666ను సంప్రదించి, ప్రజలు ఈ సేవలను సద్వినియోగం చేసుకోవాలి.