నాతవరం అడ్డదారి: తీరానికీ మన్యానికీ నడుమ రవాణా ప్రణాళిక

తూర్పు కనుమల పాదాలకూ బంగాళాఖాతానికీ నడుమ తాండవ నది పరీవాహకంలో ఉన్న నాతవరం ప్రాంతం, తుని రైలుస్టేషనుకూ మన్యపు అంచునున్న నర్సీపట్నానికీ మధ్యన నెలకొన్నందువల్ల, ఉత్తరాంధ్రలో రవాణా ప్రణాళిక సాగిన తీరును గ్రహించడానికి ఎంతో అనువైన చోటు. ఈ సీమలో తీరం వెంబడి సాగే పొడుగు మార్గాలను పై ప్రభుత్వాలు తామే పూనుకొని నిర్మించగా, తీరం నుంచి కొండకు పోయే అడ్డదారులు స్థానిక సంస్థల చిన్న ఖజానాల పాలయ్యాయి. ఈ రెండింటినీ ఒకే పటం మీద చూడడంలో జరిగిన జాప్యానికి ఎక్కువ మూల్యం చెల్లించినది మన్యమే.

మద్రాసు ప్రెసిడెన్సీలో 1871 నాటి స్థానిక నిధుల చట్టం భూమిశిస్తుపై రోడ్డు సెస్సును, అంటే రోడ్ల ఖర్చు కోసం శిస్తుతో పాటు వసూలు చేసే అదనపు పన్నును, ఏర్పరచగా, 1884 నాటి చట్టం ఆ బాధ్యతను జిల్లా బోర్డులకూ తాలూకా బోర్డులకూ అప్పగించింది. అయితే తుని గోదావరి జిల్లాలోనూ నర్సీపట్నం విశాఖపట్నం జిల్లాలోనూ ఉన్నందున, సరుకు బండ్లకు ఒకటే అయిన దారి లెక్కల్లో రెండు బోర్డుల మధ్య చీలిపోయేది. అదే కాలంలో ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే జిల్లా సరిహద్దులతో నిమిత్తం లేకుండా తీరం వెంట సాగి, 1893లో తుని మీదుగా వాల్తేరును చేరింది. 1900లో గోదావరి వంతెనపై రైళ్లు నడవడంతో మద్రాసు వైపు దారి కూడా అతుకు లేనిదైంది. ఒకే అధికారం కింద రూపొందిన మార్గానికీ, పలువురి చేతుల్లో నలిగిన మార్గానికీ ఇంతకన్న స్పష్టమైన తేడా కనిపించదు.

కొండపైన పరిస్థితి మరింత విషాదకరమైనది. గూడెం మన్యంలో రోడ్డు నిర్మాణాన్ని అటవీ సంపదను దించుకోవడానికీ పాలన బలగాలను ఎక్కించడానికీ తలపెట్టారే తప్ప, అక్కడి ప్రజల రాకపోకల అవసరాన్ని విచారించలేదు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులను అతి తక్కువ కూలికి, బలవంతంగా రోడ్డు పనుల్లోకి దించిన తీరు, అటవీ ఆంక్షలతో కలిసి, 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన చెలరేగిన తిరుగుబాటుకు ప్రధాన కారణాల్లో ఒకటైంది. ఆ ఏడాది ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుస్టేషన్లపై దాడులు జరిగాయి. రోడ్డు ఎవరి కోసం వేస్తున్నారన్న ప్రశ్నను రవాణా ప్రణాళికలో మొదటి ప్రశ్నగా నిలిపిన ఘట్టంగా కూడా ఆ చరిత్రను చదవవలసి ఉంది.

మోటారు వాహనాల రాకతో రోడ్ల గురించి దేశవ్యాప్తమైన ఆలోచన మొదలైంది. 1927లో ఏర్పడిన జయకర్ కమిటీ సిఫారసుల ఫలితంగా పెట్రోలు సుంకంలో ఒక భాగంతో 1929లో కేంద్ర రోడ్డు నిధి ఏర్పడింది. 1943లో నాగపూరులో సమావేశమైన చీఫ్ ఇంజనీర్లు ఇరవై ఏళ్ల ప్రణాళికను రచించి, రోడ్లను జాతీయ, రాష్ట్ర రహదారులుగా, పెద్ద జిల్లా రోడ్లుగా, ఇతర జిల్లా రోడ్లుగా, గ్రామ రోడ్లుగా వర్గీకరించారు. వ్యవసాయం బాగా సాగే ప్రాంతంలో ఏ గ్రామమూ ప్రధాన రోడ్డుకు 5 మైళ్లకు మించిన దూరంలో ఉండరాదన్న లక్ష్యం వల్ల, గ్రామపు బాటా జాతీయ రహదారీ ఒకే అల్లికలోని పోగులన్న భావన మొదటిసారి అధికారికంగా నిలిచింది. ఆచరణ మాత్రం నెమ్మదిగా సాగింది: 500 జనాభా ఉన్న ఆవాసాలకూ, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 జనాభా ఉన్న వాటికీ అన్ని కాలాల్లో నడిచే రోడ్డు కల్పించే ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరులో గాని ఆరంభం కాలేదు.

ఇటీవలి దశాబ్దాల్లోనూ ముందుగా బలపడినది తీరమే. చెన్నై–కోల్‌కతా రహదారి స్వర్ణ చతుర్భుజిలో భాగంగా విస్తరించి, 2010 నాటి సంఖ్యల మార్పుతో 16వ జాతీయ రహదారిగా మారింది. విశాఖ–చెన్నై పారిశ్రామిక కారిడార్ కూడా దానినే ఆనుకొని రూపొందింది. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, చింతపల్లి, పాడేరు, అరకుల మీదుగా విజయనగరం చేరే 516ఈ జాతీయ రహదారితో కొండల్లోనూ తీరానికి సమాంతరంగా ఒక పొడుగు మార్గం ఏర్పడుతున్నందున, ఇప్పుడు అడ్డదారుల విలువ రెట్టింపైంది. నిలువు కర్రలు ఎంత గట్టివైనా మెట్లు లేని నిచ్చెన ఎక్కడానికి పనికిరాదు. తుని, నాతవరం ప్రాంతం, నర్సీపట్నం, లంబసింగిలను కలిపే వరుస అటువంటి మెట్లలో ఒకటి.

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ అమలులోకి రాగా, తుని కాకినాడ జిల్లాలోకి, నాతవరం, నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకి, లంబసింగి ఉన్న చింతపల్లి మండలం పాడేరు కేంద్రంగా గల అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి చేరాయి. వెనుక రెండు జిల్లాల మధ్య చీలిన ఈ దారి ఇప్పుడు మూడు జిల్లాల గుండా సాగుతున్నందున, దాని వెడల్పు, వంతెనలు, బస్సు వేళలు, మరమ్మతుల క్రమం ఏ ఒక్క జిల్లా యంత్రాంగమూ విడిగా నిర్ణయించగలిగినవి కావు. వాటిని దీర్ఘకాల దృష్టితో ఒకచోట పొందుపరచవలసిన బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిదే.