బ్రౌన్ దొర బంగళా, శాస్త్రిగారి గ్రంథాలయం

కడప ఎర్రముక్కపల్లిలో పుస్తకాల కోసం మనుషులు ఒకచోట చేరడం నిన్న మొన్నటి సంగతి కాదు. కలెక్టరుకు సహాయకుడిగా 1820లో కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దొర ఇక్కడ ఒక బంగళా కొన్నారు. ఊళ్లూళ్ల నుంచి తాళపత్రాలు తెప్పించారు. పండితులకూ లేఖకులకూ సొంత డబ్బుతో జీతాలిచ్చి, ఒకే కావ్యానికి దొరికిన ప్రతులన్నీ సరిపోల్చి శుద్ధప్రతులు రాయించారు. జనం ఆ ఇంటిని బ్రౌన్ కాలేజీ అన్నారు. 1852లో అచ్చయిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు ఒంటరిగా కూర్చున్న మనిషి చేసిన పని కాదు. ఇలాంటి కూడలిలో ఏళ్ల తరబడి సాగిన మాటామంతీ దాని వెనక ఉంది.

దొర పోయాక తాళపత్రాలు మద్రాసులో మిగిలాయి, బంగళా పాడుబడింది.

ఆ మొండిగోడల దగ్గర గ్రంథాలయం రావాలని పట్టుబట్టిన మనిషి జానమద్ది హనుమచ్ఛాస్త్రి. పుట్టింది 1926లో, రాయదుర్గంలో. కర్నూలు జిల్లా ఆలూరులాగే 1953 దాకా బళ్ళారి జిల్లాలో ఉండి, ఆంధ్ర రాష్ట్రంతో ఇటు వచ్చిన ప్రాంతం అది. శాస్త్రిగారు ఇల్లిల్లూ తిరిగి విరాళాలు పోగుచేశారు. 1987లో శంకుస్థాపన జరిగింది. 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయం బాధ్యత తీసుకుంది. ఊళ్ల చరిత్రలు చెప్పే కడప జిల్లా కైఫీయత్తులు ఇక్కడి నుంచే అచ్చయ్యాయి. తమ ఊరి చెరువు ఎవరు తవ్వించారో, గుడి ఎవరు కట్టించారో తెలుసుకోవాలనుకునే రైతుకు కూడా పనికొచ్చే పుస్తకాలవి. ఈ గ్రంథాలయంలో అన్నిటికన్నా విలువైన సంగతి ఇదేననిపిస్తుంది.

రాయలసీమకు గ్రంథాలయోద్యమం బయటి నుంచి అరువు తెచ్చుకున్నదీ కాదు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని ఏళ్ల తరబడి నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు కర్నూలులో పుట్టారు. ఆ ఉద్యమం గ్రంథాలయాన్ని బీరువాల గదిగా చూడలేదు. చదువు రాని వాళ్లకు పత్రిక చదివి వినిపించింది, రాత్రిబడులు నడిపింది. 1935లో అదే ఉద్యమంలో పాటూరి నాగభూషణం కృష్ణా కాలువలో పడవ మీద పుస్తకాలు తిప్పారు.

ఆలూరు లాంటి కరువు ప్రాంతంలో గ్రంథాలయం కట్టేవాళ్లు ఈ ఆలోచన నుంచే మొదలుపెట్టాలి. ముందు ఎండకు నీడనిచ్చే వెడల్పాటి వరండా, కూర్చోవడానికి బండలు పరిచిన అరుగు, తాగడానికి చల్లటి నీళ్లు. పత్రికల గది వీధి వైపు ఉంటే చెప్పులు విడిచి లోపలికి రావడానికి ఎవరూ జంకరు. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లల గది వెనక వైపు, సభలు జరిగే హాలుకు ఎడంగా ఉండాలి. రెండింటినీ ఒకే చోట పెడితే చదువూ సాగదు, సభా సాగదు. ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేని భవనంలోకి ఊరిలో సగం మంది రారు. పొలం పని ముగించుకుని వచ్చే వాళ్ల కోసం రాత్రి ఎనిమిది దాకా దీపం ఉండాలి. తల్లిదండ్రులు సుగ్గికి, అంటే కూలిపనుల వలసకు, గుంటూరు వైపు పోయిన నెలల్లో అవ్వాతాతల దగ్గర మిగిలే పిల్లలకు సాయంత్రం కథ చదివి చెప్పే మనిషి ఒకరు కావాలి. భవనం నమూనా గీసే రోజే ఆ మనిషి జీతం కూడా లెక్కలో రాసుకోవాలి.